గోనెసంచులు, క్వార్టర్ సీసా మూతలతో పెద్ద తెర: కొలతలు, కుట్టు, వేలాడదీయడం తెలిసినవాళ్ళు చెప్పండి

పొదుపు_నెల్లిమర్ల:

అందరికీ నమస్కారం. నెల్లిమర్ల దగ్గర ఒక ఊళ్ళో పొదుపు సంఘాల ఆడవాళ్ళు, హైస్కూలు డ్రాయింగ్ మాస్టారు కలిసి ఒక పని తలపెట్టారు. సామాజిక భవనం వరండా గోడ మీద సంక్రాంతికి ఒక పెద్ద తెర వేలాడదీయాలని. గోడ వెడల్పు 4 మీటర్లు, ఎత్తు రెండున్నర. పైన స్లాబు ఉంది గానీ తుపాను పడితే జల్లు లోపలికి కొడుతుంది. చేతిలో ఆరు వారాలు, 8,000 రూపాయలు, కుట్టడానికి పన్నెండు పదిహేనుమంది ఉన్నారు.

తెర రెండు సంగతులు మాట్లాడాలి. ఒకటి, మూతబడ్డ జూట్ మిల్లులు, వాటితోపాటు పోయిన కూలి. రెండు, ఊళ్ళో బెల్టు షాపు. ఘానాలో పుట్టి నైజీరియాలో దశాబ్దాలు పనిచేసిన ఎల్ అనట్సుయ్ సీసా మూతలతో చేసే తెరలు, ఘానాకే చెందిన ఇబ్రహీం మహామా పాత గోనెలు కుట్టి భవనాలకు కప్పే పనీ ఫోటోల్లో చూశాం. మన రెండు సంగతులకూ ఆ రెండు వస్తువులూ సరిపోతాయి కదా అనిపించింది.

అడగాల్సినవి ఇవి. మూతలు ఎన్ని కావాలి, దేనితో కలపాలి? గోనెలు ఎన్ని, ఎలా కుట్టాలి, చెదలు పట్టకుండా ఏం చెయ్యాలి? మూతల్ని గోనె మీద కుట్టెయ్యొచ్చా? చూసినవాళ్ళు "ఆఫ్రికావాళ్ళది చూసి కాపీ కొట్టారు" అనకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి?

---

రేకుకత్తెర:

ముందు మూతల సంగతి చెప్తాను.

మొదటి హెచ్చరిక: గోడ మొత్తం మూతలతో నింపే ఆలోచన మానుకోండి. 10 చదరపు మీటర్లకు ముక్కలే 11,000 కావాలి. చెయ్యి తిరిగినవాళ్ళకే 270, 280 గంటల పని. కొత్తవాళ్ళకైతే దానికి రెట్టింపు. 2 చదరపు మీటర్లు పెట్టుకోండి, అంటే అడ్డం ఒక మీటరు, నిలువు రెండు. కంటికి నిండుగానే ఉంటుంది.

క్వార్టర్ సీసా అల్యూమినియం మూతలో రెండు భాగాలుంటాయి. పైన గుండ్రటి బిళ్ళ, చుట్టూ అంచు. రేకు కత్తెరతో అంచును బిళ్ళ నుంచి వేరుచేసి, ఒకచోట తెంపి చదును చేస్తే సుమారు 85 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ వస్తుంది. బిళ్ళ అడ్డకొలత 28 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పట్టీలతో ఒక చదరపు మీటరుకు 1,100 ముక్కలు పడతాయి, బిళ్ళలతోనూ దాదాపు అంతే. కాబట్టి 1,100 మూతలకు ఒక చదరపు మీటరు పట్టీల నేత, ఒక చదరపు మీటరు బిళ్ళల నేత వస్తాయి. చిరిగేవి, నలిగేవి పోను 1,300 సేకరించండి. ఇప్పుడు ప్లాస్టిక్ మూతలు కూడా వస్తున్నాయి, అవి ఎండకు పెళుసెక్కి విరుగుతాయి, ఏరి పక్కన పెట్టెయ్యండి. సీసా మెడకే ఉండిపోయే సన్నటి ఉంగరం దొరికితే పారెయ్యొద్దు. అనట్సుయ్ తెరల్లో అక్కడక్కడా వలలాగా గాలి ఆడుతూ, వెనకున్నది కనిపిస్తూ ఉండే భాగాలు ఇలాంటి ఉంగరాలతో చేసినవే.

మూత లోపల తెల్లటి పలచని బిళ్ళ అతికి ఉంటుంది. దాన్ని గోటితోనో మేకుతోనో పీకెయ్యాలి. సారా వాసన పట్టేది దానికే. వేణ్ణీళ్ళు, బట్టల సబ్బు వేసి ఓ పూట నానబెట్టి, కడిగి ఎండబెట్టండి. ఇది సరిగ్గా చెయ్యకపోతే వరండా అంతా కొట్టు కంపు.

చిల్లులు: చెక్క మొద్దు మీద పెట్టి, సన్న మేకుతో ఒక్క సుత్తిదెబ్బ. చిల్లు 2 మిల్లీమీటర్లు చాలు, అంచు నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. అంచుకు ఆనించి కొడితే రేకు వేలాడిన మర్నాడే చీలుతుంది. బిళ్ళకు నాలుగు వైపులా నాలుగు, పట్టీకి రెండు కొసల్లో రెండేసి. పట్టీలు ఒకదాని కింద ఒకటిగా నిచ్చెనమెట్లలా వరసలు కట్టి, పక్క వరసతో ప్రతి మూడో పట్టీ దగ్గర ముడి వెయ్యండి.

తీగ: మోటారు వైండింగ్ షాపుల్లో దొరికే 24 గేజి ఎనామెల్ రాగి తీగ. ఒక్కో ముడికి 5 సెంటీమీటర్లు. రెండు చదరపు మీటర్లకు దగ్గరదగ్గర 4,700 ముడులు, 235 మీటర్ల తీగ, బరువులో అరకిలో పైచిలుకు. ఏడొందల గ్రాములు కొనండి. రాగి ధర రోజుకో రకంగా ఉంటుంది, మూతల పనిలో పెద్ద ఖర్చు ఇదే. ఎనామెల్ పూత ఎందుకు కావాలంటే, ఒట్టి రాగి, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి ఆనితే అల్యూమినియం తినేసుకుపోతుంది. చిల్లు చుట్టూ తెల్లటి పొడి రాలుతుంది. ఉప్పుగాలి తగిలే భీమిలి, కళింగపట్నం వైపు ఇది మరీ త్వరగా. మెరుపు కోసం పూత కాల్చేసి ఒట్టి తీగ వాడమంటారు కొందరు. వాడొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు.

ముడి బిగించకండి. రెండున్నర మెలికలు తిప్పి, కొస వెనక్కి నొక్కి, మధ్యలో బియ్యపు గింజ దూరేంత సందు వదలాలి. ఈ పనికి ప్రాణం అదే. అనట్సుయ్ తెర గోడ మీద పట్టుపంచెలా మడతలు పడి జారుతూ కనిపిస్తుందంటే ఆ సందు వల్లే. బిగిస్తే అది తెర కాదు, రేకుల తడక అవుతుంది. ఆయన తన పనికి ఖాయమైన రూపం ఉంచడు. ప్రదర్శన పెట్టేవాళ్ళు గోడను బట్టి మడతలు వేసుకోవచ్చు, ప్రతిసారీ కొత్తగా ఉంటుంది.

ఒకేసారి రెండు మీటర్లు అల్లబోకండి. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు ముక్కలుగా ఒక్కొక్కరికి పంచండి. పదకొండు పన్నెండు ముక్కలొస్తాయి. వాటిని నేలమీద పరిచి, అటూ ఇటూ మార్చి, ఫోటో తీసి చూసుకుని, రంగుల అమరిక నచ్చాకే కలపండి. నైజీరియాలోని న్సుక్కాలో అనట్సుయ్ దగ్గర పనివాళ్ళు చేసిందీ ఇదే పద్ధతి: చేతులు చాలా, ముక్కలు చాలా, కూర్పు చివర్లో. మొత్తం బరువు రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది.

కత్తిరించిన అంచు బ్లేడే. కత్తిరింపు, చిల్లుల పని పెద్దవాళ్ళే చెయ్యాలి, మందపాటి చేతితొడుగులతో. పిల్లలకు రంగులవారీ ఏరడం, ముక్కలు అమర్చడం ఇవ్వండి.

---

దబ్బనం:

పై ఆయన మూతల గురించి చెప్పిందాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. గోనెల సంగతి నేను చెప్తాను.

యాభై కిలోల ధాన్యం గోనె 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు, బరువు 580 గ్రాములు. పక్క, అడుగు కుట్లు విప్పి పరిస్తే ఒక చదరపు మీటరు చిల్లర. మీ గోడకు, మూతల నేత కోసం మధ్యలో వదిలే కిటికీ (కింద చెప్తాను) పోను, మడతలకు కలుపుకుని పన్నెండు గోనెలు చాలు. పొడిగా ఏడు కిలోలు. తడిస్తే దీనికి రెట్టింపు పైనే తూగుతుంది, కొక్కేలు ఆ లెక్కకే వెయ్యాలి.

కుట్టు విప్పేటప్పుడు కత్తి పెట్టకండి. గోనె కుట్టు చాలావరకు గొలుసుకుట్టు. సరైన కొస పట్టుకుని లాగితే సర్రుమని మొత్తం ఊడొస్తుంది. ఊడకుండా బిగుసుకుంటే మీరు పట్టుకున్నది తప్పు కొస, రెండో చివర చూడండి. వచ్చిన పురి తిరిగి కుట్టడానికి పనికొస్తుంది, చుట్టి పెట్టుకోండి.

శుభ్రం చెయ్యడమంటే ఉతకడం కాదు. నీళ్ళలో వేస్తే జనపనార బలం తగ్గుతుంది, గోనె కుంచించుకుంటుంది, దాని మీది అక్షరాలు అలుక్కుపోతాయి. అక్షరాలు పోయాక మీకు మిగిలేది ఒట్టి గోనె. రెండు రోజులు ఎండలో వేసి, కర్రతో దులిపి, కొబ్బరిపీచు బ్రష్షుతో గీకండి. తవుడు దుమ్ము లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

అక్షరాల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మహామా పనికి గుండెకాయ అదే. ఘానాలో కోకో గింజలు 64 కిలోల గోనెల్లో ఎగుమతి అవుతాయి. ఆ గోనెలు అక్కడ నేసినవి కావు, మన దేశం, బంగ్లాదేశ్ వైపు నుంచి వెళ్ళేవి. కోకో పని అయ్యాక అవే గోనెలు ధాన్యానికి, తర్వాత బొగ్గుకు దిగుతాయి. చేతులు మారేకొద్దీ మీద ముద్రలు, పేర్లు, చిరుగులు, అతుకులు పేరుకుంటాయి. మహామా మార్కెట్లకు వెళ్ళి కొత్త గోనెలిచ్చి ఈ చిరిగినవి మార్చుకుంటాడు. కొత్తవాటిలో ఆయనకు కావలసింది లేదు. 2015లో ఇటలీలో జరిగే వెనిస్ బియనాలే కళాప్రదర్శనలో పొడవాటి నడవ రెండు గోడలకూ ఈ గోనెల తెరలు దించాడు. 2024లో లండన్ బార్బికన్ కళాకేంద్రానికి కప్పిన ఊదా గులాబీరంగు వస్త్రం గోనె కాదు, చేనేత. దాదాపు 2,000 చదరపు మీటర్లు. అంత వస్త్రం పరిచి కుట్టడానికి చోటు చాలక ఘానాలోని తమలె నగరంలో ఫుట్‌బాల్ స్టేడియం వాడారు. వందలమంది కుట్టారు.

ఇప్పుడు మీ గోనెను దగ్గరగా చూడండి. ప్రభుత్వం ధాన్యం కొనుగోలు గోనె అయితే రంగు చార ఉంటుంది, ఏ ఖరీఫ్ సీజన్‌దో సంవత్సరం అచ్చువేసి ఉంటుంది, నేసిన మిల్లు గుర్తు ఉంటుంది. దాని మీద రైస్ మిల్లువాళ్ళు కొట్టిన ముద్ర, హమాలీ సుద్దతోనో ఇంకుతోనో వేసిన లెక్క గీతలు, ఎలుక కొరికినచోట పురికొసతో వేసిన అతుకు. అయిదు గీతలకొక అడ్డగీత కనిపిస్తే అది ఎవరో ఒకరి ఒక పూట కూలి. దీనిమీద పెయింటు వెయ్యాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. సంవత్సరాలు వరుసగా వచ్చేలా ఎడమ నుంచి కుడికి అమర్చండి. మిల్లు గుర్తు మారుతూ, ఎక్కడో ఒకచోట మన దగ్గరి గుర్తు ఆగిపోవడం కళ్ళకు కడుతుంది.

గోనెలు రైస్ మిల్లుల దగ్గర, కిరాణా టోకు కొట్ల దగ్గర పాతవి కొనండి, రసీదు అడగండి. ఈ సీజన్ కొనుగోలుకు రైతులకిచ్చినవి తెచ్చుకోవద్దు, అవి లెక్క చెప్పాల్సిన సంచులు.

చెదలు, నిప్పు రెంటికీ ఒకే మందు ఉంది. లీటరు వేణ్ణీళ్ళకు 70 గ్రాముల బోరాక్స్, 30 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, గోనెకు లీటరుంబావు చొప్పున రెండు వైపులా చల్లి నీడన ఆరబెట్టాలి. పన్నెండు గోనెలకు 15 లీటర్లు, అంటే కిలో పైన బోరాక్స్, అరకిలోకు కొంచెం తక్కువ బోరిక్. ముందు ఒక మూల మీద చల్లి అక్షరాల ఇంకు కదలడం లేదని చూసుకోండి. కదిలితే వెనకవైపు మాత్రమే చల్లండి. ఇది నీళ్ళకు కొట్టుకుపోయే మందు. గట్టి జల్లు కొట్టిందంటే ఆరాక మళ్ళీ చల్లాలి. మందు ఉందని ధీమాగా దగ్గర్లో సీరియల్ లైట్లు వెయ్యకండి, సంక్రాంతి రోజుల్లో భోగిమంట నిప్పురవ్వలు ఎగిరొస్తాయి.

కుట్టు మీకు కొత్త కాదు. బొంత కుట్టిన చెయ్యే. రెండు గోనెలు 4 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కించి, దబ్బనంతో రెండు వరసలు, కుట్టు రెండు సెంటీమీటర్లు. జానెడుకోసారి ముడి వెయ్యండి, దారం తెగితే అక్కడితో ఆగుతుంది. పైన బెత్తెడు మడిచి గొట్టంలా కుట్టి, ఇంచి జీఐ పైపు దూర్చండి. పైపును రెండు చివర్లే పట్టి వేలాడదీస్తే నడుము వంగుతుంది. 60, 70 సెంటీమీటర్లకొక కొక్కెం గోడకు బోల్టు కొట్టి బిగించాలి. పైపుకూ గోడకూ నాలుగంగుళాల ఎడం ఉంచండి. గోడకు అంటుకుంటే గాలాడక వెనక బూజు పడుతుంది, కనపడేసరికి ఆలస్యమవుతుంది. కింద నేలకు అడుగు ఎత్తు వదిలెయ్యండి, చెదలు, మేకలు, తుడుపునీళ్ళు, అన్నిటికీ అదే కాపు. అడుగంచు మాత్రం చివర్లో కుట్టండి. ఒక రోజంతా వేలాడాక గోనె తన బరువుకే సాగుతుంది, ఆ తర్వాత సమం చేసుకోవాలి.

మూతల్ని గోనె మీద కుట్టొచ్చా అన్నారు. వద్దు. గాలికి కదిలినప్పుడల్లా రేకు అంచు జనపపోగుల్ని రంపంలా కోస్తుంది. మధ్యలో మీటరు బై రెండు మీటర్ల మూతల నేత కన్నా నాలుగువైపులా రెండు వేళ్ళు పెద్దదిగా కిటికీ వదిలి, అంచు మడిచి కుట్టి, మూతల నేతను విడిగా అదే పైపు నుంచి కొక్కేలతో ఆ కిటికీలోకి దించండి. రెండూ తగలకుండా ఉండడానికే ఆ రెండు వేళ్ళ ఎడం.

---

పొదుపు_నెల్లిమర్ల:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కిటికీ ఆలోచన అందరికీ నచ్చింది. ఒక చిక్కు. మూతలు తొందరగా రావాలంటే మూతకో రూపాయి ఇస్తామని ఊళ్ళో చెబుదామని కొందరు అంటున్నారు. ఇంకొకటి, బ్రాండు పేర్లు అలాగే కనిపిస్తే ప్రచారం చేసినట్టవదా?

---

నాగావళి_ఒడ్డు:

అమ్మా, రూపాయి మాట ఊళ్ళో చెప్పకండి. ఆ మాట బయటికెళ్ళిన రోజు నుంచీ తాగేవాడికి సీసా మీద రూపాయి వెనక్కొచ్చినట్టే. చిన్నపిల్లలు పెంటకుప్పల్లో, గాజుపెంకుల్లో చేతులు పెడతారు. మూతలు మందు కొట్టు నుంచే సంచులకొద్దీ కూడా వస్తాయి. మీకు కావలసింది 1,300 మూతలు, అంటే ఒక్కోటి గ్రామున్నర చొప్పున రెండు కిలోలు. తుక్కు కొట్టులో అల్యూమినియం ధరకు ఆ రెండు కిలోలూ ఒక్క పూటలో దొరుకుతాయి.

కానీ తుక్కు కొట్టువి తెస్తే ఒక మాట పోతుంది. అవి ఏ ఊరివో చెప్పలేరు. నా సలహా రెండూ చెయ్యమని. టీకొట్టు మూల ఒక గోనె కట్టి, ఊళ్ళో దొరికినవి అందులో వేయించండి. వారానికోసారి తూచి, తేదీ, బరువు ఆ గోనె మీదే రాయండి. మీ ఊరి మూతల ముక్కలు నేతలో ఒకపక్కకు, కొన్నవాటి ముక్కలు ఇంకోపక్కకు వాడండి, ఆ తేడా బోర్డు మీద రాసిపెట్టండి. లెక్కలో దొంగతనం ఉందని ఒక్కడు పట్టుకుంటే చాలు, తెర మొత్తం నోరు మూసుకుంటుంది.

లెక్క ఎందుకంటే, క్వార్టర్ 180 మిల్లీలీటర్లు. 1,100 మూతలంటే 198 లీటర్లు, దాదాపు ఒక ఆయిల్ డ్రమ్ము నిండా. తెర పక్కన ఒక ఖాళీ డ్రమ్ము నిలబెట్టండి. ఏమీ రాయనక్కర్లేదు. క్వార్టర్ ధర అందరికీ తెలుసు, గుణించుకోవడం వాళ్ళ పని.

బ్రాండు పేర్ల విషయంలో అనట్సుయ్ పేర్లు దాచడు. యూరోపువాళ్ళు ఆఫ్రికా తీరానికి తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటి, బానిసల వ్యాపారంలో మారకపు వస్తువు. ఆ మూతల మీది పేర్లు ఆయనకు ఆ చరిత్రలో భాగం. మన సంగతి వేరు. బెల్టు షాపు ముందు పేరు మెరిస్తే అది బోర్డే అవుతుంది. వెనక్కి తిప్పి వెండిరంగు వైపు పైకి పెట్టండి. రంగు కావాలనుకున్నచోట పేరు లేని అంచు పట్టీలు వాడండి.

ఇక కాపీ మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచి నిలబడ్డారు, మరుసటి ఏడాదే రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మీరు మాట్లాడబోయే మాట ఇక్కడిదే. అరువు తెచ్చుకుంటున్నది పని పద్ధతి మాత్రమే. అనట్సుయ్ బంగారు, ఎరుపు అమరిక వెనక ఘానా సంప్రదాయ చేనేత అయిన కెంటె ఉంది, ఆ నమూనా దించుకుంటే కాపీ. మీ మూతల రంగులు ఎలా వస్తే అలా, గళ్ళ చీరలాగో, బొంతలాగో అమర్చుకుంటే మీది. సవర గిరిజనుల బొమ్మలు అంచున వేద్దామని ఎవరైనా అంటారేమో, ఆ చిత్రాలు వాళ్ళ ఇళ్ళ గోడల మీద దేవతలకు వేసేవి, అలంకారానికి అడక్కుండా తీసుకోకూడదు. అనట్సుయ్, మహామా పేర్లు బోర్డు మీద తప్పకుండా రాయండి.

ఇంకొక ఉదాహరణ చెప్పాలి, మీ పనికి ఇదే ఎక్కువ దగ్గర. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం 1992లో ముగిసింది. ఊళ్ళనిండా తుపాకులు మిగిలాయి. 1995లో అక్కడి క్రైస్తవ సంఘాల మండలి ఒక పథకం పెట్టింది: తుపాకీ తెచ్చి ఇస్తే పలుగో, కుట్టుమిషనో, సైకిలో ఇస్తారు. వచ్చిన తుపాకుల్ని ముక్కలుగా కోసి కళాకారులకిచ్చారు. 2001లో కెస్టర్ అనే శిల్పి వాటితో ఒక కుర్చీ చేశాడు, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక్క తుపాకీ కూడా మొజాంబిక్‌లో తయారైంది కాదు. వీపు ఆనే చోట రెండు తుపాకీ మడమలు నిలబెట్టి ఉంటాయి. మరచీల చిల్లులు కళ్ళలా, పటకా దూర్చే సందు నోరులా, నవ్వుతున్న మొహంలా కనిపిస్తుంది. చూసినవాళ్ళు కుర్చీని గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ పథకంలో అసలు పనిచేసింది కుట్టుమిషను అనిపిస్తుంది. తుపాకీ వదిలినవాడి చేతికి బతకడానికి ఇంకొకటి వచ్చింది.

మహామా కూడా తెరలు అమ్మిన డబ్బుతో తమలెలో 2019లో ఒక కళాకేంద్రం, మరుసటి ఏడు రెడ్ క్లే అని ఇంకొకటి కట్టాడు. పిల్లలకు ప్రవేశం ఉచితం, పాత విమానాలు కొని తరగతి గదులుగా వాడుతున్నారు. అందుకే అడుగుతున్నాను, తెర దించాక మీ గోనెలు, మీ డబ్బు ఎటు పోతాయి? జనపనార సంచులు కుట్టే యంత్రం మీద నాలుగు రోజుల శిక్షణ అయినా అదే వరండాలో పెట్టగలిగితే ఇప్పుడే తేదీ వేసి బోర్డు మీద రాయండి. బెల్టు షాపు మీద ఫిర్యాదు కాగితం కూడా తెర దగ్గరే పెట్టండి, సంతకం సంఘం పేరున, ఒక్కరి పేరున కాదు. తాగేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళే కుట్టబోతున్నారు, ఏ ఇంటి పేరూ తెర మీద రాకూడదు.

---

వంశధార_గట్టు:

చిన్న మాట. 1990 ప్రాంతంలో సెనెగల్ రాజధాని డకార్‌లో కుర్రాళ్ళు సెట్ సెటల్ అని మొదలుపెట్టారు. వోలోఫ్ భాషలో శుభ్రంగా ఉండు, శుభ్రం చెయ్యి అని. వీధికాలువలు ఎత్తిపోసి, చెత్త తీసేశాక ఆ గోడల మీదే బొమ్మలు వేశారు. వరస అదీ. మీ భవనం ముందు కాలువ పూడిపోయి ఉంటే తెర కట్టే ముందు రోజు అది తవ్వండి. వాసన వేసేచోట తెర ముందు ఎవరూ రెండు నిమిషాలు నిలబడరు.

వరండాకు స్లాబు కాకుండా రేకు పొడిగింపు ఏమైనా ఉంటే దానికి పైపు కట్టొద్దు. తడి గోనె గాలిలో తెరచాపే, రేకుతో సహా లేపుతుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తీసి చుట్టి లోపల పెట్టేలా కొక్కేలు తెరిచి ఉన్నవి వాడండి, ఇద్దరు మనుషులు, ఒక స్టూలు, పది నిమిషాల్లో దిగాలి.

---

రేకుకత్తెర:

చివర్లో రెండు దిద్దుబాట్లు. వెండివైపు పైకి పెడితే చిల్లు కూడా ఆ వైపు నుంచే కొట్టాలి. చిల్లు వెనక మొన తేలుతుంది, అది చూసేవాళ్ళ వైపు వస్తే పిల్లల చేతులు గీరుకుంటాయి. కొట్టాక ముక్కను బోర్లా తిప్పి ఒక చిన్న దెబ్బ వేస్తే మొన అణుగుతుంది.

మూతల నేతను చుట్టొద్దు, గోనెలా చుట్టితే ముడులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. తీసినప్పుడు పాత దుప్పటి మీద పరిచి, మధ్యలో దుప్పటి మడత వేస్తూ చీర మడతలా మడిచి, పెట్టెలో పెట్టండి. సమయం లెక్క: ముక్కలు 2,200, చెయ్యి తిరిగినవాళ్ళకు 55, 60 గంటలు, మీకు 120 అనుకోండి. పన్నెండుమంది రోజూ గంటన్నర కూర్చుంటే వారం రోజులు. మొదటి రెండు రోజులు ఒక్కొక్కరూ అరచేతి వెడల్పు ముక్క అల్లి, దాన్ని వేలి మీద వేలాడదీసి చూడండి. రెండు వైపులా జారిపడితే ముడి సరిగ్గా ఉంది. నిటారుగా నిలబడితే విప్పి మళ్ళీ వెయ్యాలి.